పదో తరగతికి ముందే తెరుచుకునే తలుపులు

పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు పదో తరగతి ఫలితాల్లో ఆంధ్రప్రదేశ్‌కే మొదటి స్థానంలో నిలిచింది. 2024లో రాష్ట్రం మొత్తం మీద ఉత్తీర్ణత 86.69 శాతం ఉంటే మన్యంలో 96.37. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల భూభాగాలతో 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లా ఇది. ఆ రెండు పాత జిల్లాల అక్షరాస్యత 2011 జనాభా లెక్కల్లో ఎంతో తెలిస్తే ఈ ఫలితం బరువు తెలుస్తుంది: శ్రీకాకుళం 61.74 శాతం, విజయనగరం 58.89. విజయనగరం జిల్లా ఆడవాళ్లలో సగం మందికి అప్పటికి చదవడం, రాయడం రాదు. ఆ తల్లుల బిడ్డలే ఇవాళ రాష్ట్రంలో ముందు వరసలో ఉన్నారు.

ఫలితాలు వచ్చిన వారంలో ఉత్తరాంధ్ర హైస్కూళ్ల వరండాల్లో వినిపించే ప్రశ్న ఒకటే. “మా గుంటడ్ని ఏటి చదివించమంటారు మేస్టారూ?” అడిగేది తండ్రి. గుంటడు పక్కన నిలబడి నేల చూస్తుంటాడు. మేస్టారు మార్కుల జాబితా అందుకుని, లెక్కల్లో ఎన్నొచ్చాయో చూసి, ఎంపీసీ అనో బైపీసీ అనో చెబుతారు. పదేళ్ల చదువు తర్వాత పిల్లవాడి భవిష్యత్తు గురించి జరిగే సంప్రదింపు చాలా ఇళ్లలో ఇంతే. అందులో తండ్రి తప్పు లేదు, మేస్టారి తప్పూ లేదు. అడగాల్సిన కాలం దాటాక ఆ ప్రశ్న వస్తోంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే పిల్లలు కొన్ని దారులు తమవి కావని వదిలేసుకుంటారు. కొన్నింటి గడువు కూడా అప్పుడే ముగిసిపోతుంది. ఉద్యోగం పేరు తేల్చుకోవడానికి ఆ వయసులో తొందరేమీ లేదు. ఏ దారులున్నాయో కళ్లారా చూడటానికీ, అవి చేజారకుండా నిలుపుకోవడానికీ మాత్రం అదే అదను.

ముందు గడువుల సంగతి. శ్రీకాకుళం జిల్లా నవోదయ విద్యాలయం సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో ఉంది. విజయనగరానిది శృంగవరపుకోట వైపు కిల్తంపాలెంలో. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. కాని ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో ఉండగా రాయాలి. అది తప్పితే తొమ్మిది, పదకొండు తరగతుల్లో ఖాళీ పడిన కొద్దిపాటి సీట్లకు పోటీ పడటమే. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 జనవరిలో, విజయనగరం రాజా పి.వి.జి. రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో మొదలైంది. దానికీ ఆరు, తొమ్మిది తరగతుల్లోనే ప్రవేశం. ఇప్పుడు ఆడపిల్లలకూ ఉంది. సాంఘిక సంక్షేమ, బీసీ గురుకులాలకైతే నాలుగో తరగతిలోనే దరఖాస్తు పెట్టాలి. పదో తరగతి దాకా ఆగితే ఈ తలుపుల్లో చాలావరకు మూసుకునే ఉంటాయి.

వీటన్నిటికంటే ఎక్కువ మందికి అందుబాటులో ఉన్నది, ఎక్కువ మంది పోగొట్టుకుంటున్నది మరొకటుంది. అది జాతీయ ఉపకార వేతన పరీక్ష, పిల్లల నోట ఎన్‌ఎంఎంఎస్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవాళ్లు రాయవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12 వేల రూపాయలు, నాలుగేళ్లకు 48 వేలు. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. కూలికి వెళ్లే ఇంట్లో ఆ డబ్బు పిల్లను ఇంటర్‌లో నిలబెడుతుంది. అంటే ఏడో తరగతి మార్కులకు ఒక విలువ ఉంది. ఆ సంగతి ఏడో తరగతి పిల్లలకు ఎవరైనా ముందుగా చెప్పాలి. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్‌లోనూ బడి రికార్డులోనూ ఒకేలా ఉండాల్సిన పేరు: ఈ మూడూ సిద్ధంగా లేక చివరి రోజున మీసేవ చుట్టూ తిరగడం తల్లిదండ్రులకు కొత్త కాదు.

2016లో ఏర్పడిన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ ఇంకో ఉదాహరణ. ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురంలో ఉన్న ఆ క్యాంపస్‌లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు సీటిస్తారు. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం అదనంగా కలుపుతారు. పిల్లను ఊరి హైస్కూలు నుంచి తీసి అప్పుచేసి పట్నంలో ప్రైవేటు బడికి మార్చే తండ్రికి, ఆ మార్పుతో ఈ 4 శాతం పోతుందని తెలిసి ఉండాలి. తెలిశాక కూడా మార్చవచ్చు, అది ఆయన ఇష్టం. వ్యవసాయ పాలిటెక్నిక్‌లలోనూ పల్లె బడిలో చదివిన ఏళ్లను చూసి సీట్లు ఇస్తారు. ఊరి బడి చదువు ఇలా లెక్కకొచ్చే చోట్లు ఉన్నాయని ఊళ్లోనే ఎక్కువ మందికి తెలియదు.

గడువులు కాగితం మీద కనిపిస్తాయి. పిల్లల మనసులో మూసుకునే తలుపులు కనిపించవు. వాటి గురించి అమెరికా పరిశోధకురాలు లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ఒక సిద్ధాంతం చెప్పారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో పిల్లలు ‘ఇది మగవాళ్ల పని, ఇది ఆడవాళ్ల పని’ అని కొన్ని వృత్తుల్ని తీసేస్తారు. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య ‘ఇది మనలాంటి వాళ్లకు కాదు’, ‘ఇది తక్కువ పని’ అని మరికొన్నిటిని తీసేస్తారు. పద్నాలుగో ఏట ‘నాకేం ఇష్టం’ అని ఆలోచించడం మొదలుపెట్టేసరికి జాబితాలో మిగిలేది కొంచెమే. మందస కొండల దగ్గరి సవర పిల్ల అయినా, విజయనగరం కంటోన్మెంట్‌లో పెరిగే పిల్ల అయినా ఈ తీసివేతను ఎవరికీ చెప్పి చేయదు. అందుకే పెద్దలకు అది తెలియదు.

ఆ వయసు ఊహలు తర్వాతి జీవితంలో నిలుస్తాయా? రాబర్ట్ తాయ్, ఆయన సహచరులు 2006లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు గట్టి జవాబిచ్చింది. 1988లో ఎనిమిదో తరగతిలో ఉన్న అమెరికా పిల్లల్ని ముప్ఫయ్యేళ్ల వయసుకు ఏమవుతారనుకుంటున్నారని అడిగారు, తర్వాత వాళ్ల చదువుల్ని గమనించారు. సైన్స్ వృత్తి చేస్తామన్నవాళ్లు భౌతికశాస్త్రాల్లో, ఇంజినీరింగ్‌లో పట్టా తెచ్చుకునే అవకాశం మిగతావాళ్లకంటే మూడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. లెక్కల్లో మామూలుగా ఉండి సైన్స్ కోరుకున్న పిల్లలు, లెక్కల్లో చురుకైనా సైన్స్ ఊహించుకోని పిల్లలకంటే ముందుకు వెళ్లారు. మార్కుల జాబితా చూసి దారి చెప్పే మన అలవాటును ఈ ఒక్క ఫలితం ప్రశ్నిస్తుంది.

కోరిక ఒక్కటే చాలదనే సాక్ష్యమూ ఉంది. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ డొమినికన్ రిపబ్లిక్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయిలతో మాట్లాడినప్పుడు, చదువుకున్నవాళ్లకు వచ్చే జీతాన్ని వాళ్లు అసలు ఉన్నదానికంటే చాలా తక్కువగా అంచనా వేస్తున్నారని బయటపడింది. కొన్ని బడుల్లో పిల్లలకు నిజమైన అంకెలు చెప్పారు. ఆ మాట విన్న పిల్లలు తర్వాతి నాలుగేళ్లలో విననివాళ్లకంటే సగటున 0.20 నుంచి 0.35 ఏళ్లు ఎక్కువ చదివారు. ఖర్చేమీ లేని సమాచారానికి ఇది పెద్ద ఫలితమే. అయితే బాగా పేద ఇళ్ల పిల్లల్లో మార్పు దాదాపు కనబడలేదు. చదువుకు విలువ ఉందని వాళ్లూ నమ్మారు, కాని చదివించే స్తోమత ఇంట్లో లేదు. సమాచారం, డబ్బు రెండూ ఒకేసారి అందాలి. ‘తల్లికి వందనం’ కింద తల్లుల ఖాతాల్లో సొమ్ము వేసే రాష్ట్రం ఆ సొమ్ముతో పాటు పిల్లలకు దారుల గురించీ చెప్పగలిగితే రెండిటి విలువా పెరుగుతుంది.

దారులు చూపించాలన్న ఈ మాట సముద్రం ఒడ్డున మరీ నిజం. శ్రీకాకుళం తీరంలో పడవలు నిలుపుకోవడానికి సరైన హార్బర్లు లేక మత్స్యకారులు ఏళ్ల తరబడి గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతున్నారు. 2018 నవంబరులో అక్కడి నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లను పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దులో విడుదలయ్యారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమా ఈ ఘటన ఆధారంగానే తీసింది. ఎనిమిది, తొమ్మిది నెలలు తండ్రి ఇంట్లో లేని ఊళ్లో ఏడో తరగతి గుంటడికి కనిపించే మగవాడి జీవితం ఒక్కటే: పెద్దయ్యాక తానూ రైలెక్కి వెరావల్ పోవడం.

అదే సముద్రం మీద ఇంకా పనులున్నాయి. పదో తరగతి తర్వాత ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది. కోస్ట్ గార్డ్ ఉంది. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట రేవు ఇదే తీరంలో ఉంది. ఓడల్లో సాధారణ సిబ్బందిగా చేరే కోర్సుకూ పదో తరగతి చాలు, కాని ఇంగ్లీషులో 40 శాతం ఉండాలి, కోర్సుకు ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉండాలి. ఓడ ఉద్యోగాల పేరుతో లక్షలు కట్టించుకుని మోసగించే నకిలీ ఏజెంట్ల వార్తలు ఈ జిల్లాలో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. గుర్తింపు ఉన్న సంస్థల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఎనిమిదో తరగతి కంప్యూటర్ పీరియడ్‌లో ఒకసారి ఆ జాబితా తెరిచి చూపిస్తే, నాలుగేళ్ల తర్వాత అన్నయ్య స్నేహితుడు తెచ్చిన ఏజెంటును ఆ పిల్లవాడు అడగాల్సిన ప్రశ్న అడుగుతాడు.

సైన్యం సంగతి వేరు. దానికి ఎవరూ ప్రచారం చేయనక్కర్లేదు. ఊరికి నలుగురైదుగురు జవాన్లు ఉన్న పల్లెలు ఇక్కడ చాలా. వాళ్లు సెలవుకొస్తే పిల్లలు చుట్టూ చేరతారు, ఏం తినాలో, ఎంత పరిగెత్తాలో అడుగుతారు. దారి తెలిసిన మనిషి కళ్లెదుట ఉంటే ఏం జరుగుతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. అగ్నిపథ్ వచ్చాక 2022 నుంచి ఆ దారి మారింది. నాలుగేళ్ల తర్వాత నాలుగో వంతు మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లు ఇరవైల్లోనే ఇంకో పని వెతుక్కోవాలి. పదో తరగతితో చదువాపి గ్రౌండ్‌కి పరిగెత్తే కుర్రాడికి ఈ లెక్క ముందే తెలియాలి.

ఆడపిల్లల విషయానికి వస్తే గడువు పెళ్లి రూపంలో ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం సగటు 23.3. ‘కన్యాశుల్కం’ మొదటిసారి రంగస్థలమెక్కిన విజయనగరం ఉన్న రాష్ట్రం దేశం కంటే వెనక ఉండటం బాధ కలిగించే విషయం. ఏడు, ఎనిమిది తరగతుల్లో పిల్ల బడి మానేస్తే ఆ అంకెలో చేరే ప్రమాదం పెరుగుతుంది.

ఎదురుగా నిలిచే ఉదాహరణ కూడా ఈ నేలదే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో, అంటే ఏడో తరగతి ఈడులో, కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టారు. 1994, 95లలో ప్రపంచ ఛాంపియన్. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయ్యారు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊళ్లో బరువులెత్తడం ఇంటింటి ఆట. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచారు. అక్కడి ఆడపిల్లలకు బార్‌బెల్ మగవాళ్ల వస్తువు అనిపించదు, ఎందుకంటే పక్కింటి అక్క రోజూ ఎత్తుతుంది. గాట్‌ఫ్రెడ్‌సన్ చెప్పిన మొదటి తీసివేత ఆ ఊళ్లో జరగలేదు.

ఇది ఆటలకే పరిమితం కాదని పశ్చిమ బెంగాల్ బీర్‌భూం జిల్లా చూపించింది. సర్పంచి పదవులు మహిళలకు రిజర్వు చేసిన పంచాయతీల మీద ఎస్తర్ డుఫ్లో, లోరీ బీమన్ బృందం చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. రెండు దఫాలు మహిళ సర్పంచిగా ఉన్న ఊళ్లలో, కొడుకుల కోసం పెట్టుకునే ఆశకూ కూతుళ్ల కోసం పెట్టుకునే ఆశకూ మధ్య తల్లిదండ్రుల్లో ఉన్న అంతరం నాలుగో వంతు తగ్గింది. ఆడపిల్లల చదువు పెరిగింది. ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు, ఆ కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుంది. శ్రీకాకుళం జిల్లాలో ఇవాళ మహిళా సర్పంచులు, వ్యవసాయ సహాయకులు, ఏఎన్ఎంలు, ఎస్సైలు ఊరూరా పనిచేస్తున్నారు. వాళ్లు హైస్కూలుకు వచ్చి, జీతమెంత, కష్టమేంటి, తాము ఏడో తరగతిలో ఏం అనుకున్నారో చెప్పడానికి బస్సు చార్జీ కూడా ఖర్చు కాదు.

ఇక రెండో రకం ప్రమాదం: దారులేవీ చూపకపోవడానికి బదులు ఒక్కటే చూపించడం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, మెడికల్ ఫౌండేషన్ అని బోర్డులు శ్రీకాకుళం, విజయనగరం, రాజాం, పాలకొండ వీధుల్లో కనిపిస్తాయి. పదకొండేళ్ల పిల్లవాడు ఏమవుతాడో అక్కడ ముందే తేల్చేస్తారు. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోచింగ్ సెంటర్లు పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదు. బడి పేరుతోనే కోచింగ్ జరుగుతుంటే ఆ నిబంధన దాని దగ్గరకు చేరదు. ఫౌండేషన్ చదువులో లెక్కలు గట్టిపడతాయి, ఆ సంగతి కాదనలేం. కాని ఉదయం నుంచి రాత్రి దాకా లెక్కలు, సైన్స్ తప్ప మరేదీ చేయని పిల్లకు తనలో ఇంకేం ఉందో తెలిసే అవకాశం ఉండదు. ఓఈసీడీ 2020లో ప్రచురించిన నివేదికలో 41 దేశాల పదిహేనేళ్ల పిల్లల్ని గమనిస్తే, దాదాపు సగం మంది పదంటే పది వృత్తుల పేర్లే చెప్పారు. అక్కడ లెక్కకు పది వచ్చాయి. మన ఊళ్లలో డాక్టరు, ఇంజినీరు, పోలీసు, టీచరు, సాఫ్ట్‌వేరు దగ్గరే ఆగిపోతుంది.

పదో తరగతి తర్వాత కూడా దారి మార్చుకునే వీలు కొంచెం కొంచెంగా పెరుగుతోంది. 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు బైపీసీతో లెక్కలు కూడా చదివే అవకాశం ఇచ్చింది. పాలిటెక్నిక్ నుంచి ఇంజినీరింగ్ రెండో ఏడులోకి, వ్యవసాయ డిప్లొమా నుంచి అగ్రిసెట్ పరీక్షతో బీఎస్సీ అగ్రికల్చర్‌లోకి వెళ్లే దారులు చాలాకాలంగా ఉన్నాయి. పన్నెండేళ్ల పిల్లవాడి భుజాల మీద శాశ్వత నిర్ణయం పెట్టనక్కర్లేదనడానికి ఈ పక్క దారులే ఆధారం.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది ‘సంచి లేని రోజులు’ ఉండాలంది. ఆ రోజుల్లో స్థానిక వృత్తినిపుణుల దగ్గర పని చూడాలి, చేయాలి. ఆంధ్రప్రదేశ్ 2025-26 నుంచి శనివారాలను సంచి లేని రోజులుగా ప్రకటించింది. ఆ శనివారాల్లో క్విజ్‌లు, రంగవల్లులు పెట్టి ఊరుకుంటే ఒక పెద్ద అవకాశం వృథా అయినట్టే, ఎందుకంటే ఇక్కడ చూపించడానికి ఎంతో ఉంది. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రంచేసి సన్నఖాదీ తీస్తారు. నూలు సన్నదనాన్ని కొలవడం ఏడో తరగతి లెక్కలకు అందే విషయమే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అక్కడ చెక్కపని ఉంది, ధ్వనిశాస్త్రం ఉంది, ఆర్డర్లు తెచ్చుకునే వ్యాపారమూ ఉంది. శ్రీకాకుళం పక్కనే రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. తమ పొలంలో నాన్న వేసే ‘శ్రీకాకుళం సన్నాలు’ వరి రకం పుట్టింది అక్కడే అని తెలిసిన పిల్లకు, శాస్త్రవేత్త అంటే రాకెట్లు పంపేవాళ్లు మాత్రమే కాదని వేరే చెప్పనక్కర్లేదు. పలాస జీడిపప్పు కార్ఖానాలు, పైడిభీమవరం మందుల కంపెనీల ప్రయోగశాలలు, ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023 డిసెంబరులో తెరిచిన పలాస ఆసుపత్రి, భోగాపురం విమానాశ్రయం: ఒక్కోచోట ఇరవై ముప్ఫై రకాల పనులు జరుగుతాయి. ఉద్దానం పిల్లలకు డయాలసిస్ గది ఇంటి కష్టంగానే తెలుసు. ఆ యంత్రాన్ని నడిపే టెక్నీషియన్ ఏం చదివారో కూడా వాళ్లకు తెలియాలి.

సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం వైపు మరో అడ్డు కూడా ఉంది, భాష. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి నూరేళ్ల కిందటే సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. తన భాష తెలిసిన మనిషి దగ్గర పిల్ల నోరు విప్పుతుంది. భవిష్యత్తు గురించి మాట్లాడటం మొదలయ్యేది అలా నోరు విప్పినప్పుడే. గిరిజన ఆశ్రమ పాఠశాలలో సవర తెలిసిన ఒక్క టీచరు ఉంటే ఆ ఇంటి పరిస్థితి, ఆ పిల్ల భయం రెండూ బయటికొస్తాయి.

అందరికీ ఒకే అచ్చు పనికిరాదనడానికి విజయనగరం సంగీత కళాశాల కథ సరిపోతుంది. చాగంటి గంగరాజు అనే ఉద్యోగి, చూపులేని తన కొడుకు జోగారావును మద్రాసు పంపి సంగీతం నేర్పించడానికి సాయం కోరితే, రాజా విజయరామ గజపతి 1919లో ఊళ్లోనే కళాశాల పెట్టారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. తర్వాత కాలంలో కౌమారంలో ఉన్న ఘంటసాల కృష్ణా జిల్లా నుంచి చదువుకోవడానికి వచ్చి, వారాలు, మధుకరం చేసుకుని బతుకుతుంటే పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు. పి.సుశీల కూడా ఆ కళాశాల విద్యార్థినే. ఆ పిల్లల వెనక ఒక్కో పెద్దమనిషి నిలబడ్డారు.

నిలబడే ఆ పెద్దమనిషి ఇవాళ ఎవరు? ఫిన్లండ్‌లో ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా ప్రతి బడిలోనూ చదువు, వృత్తి దారులు చెప్పడానికే ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఉపాధ్యాయులుంటారు. దానికి గంటలు కేటాయిస్తారు. మన జెడ్పీ హైస్కూళ్లలో అలాంటి పోస్టు లేదు. ఎవరో ఒక సోషల్ మేస్టారో, పీఈటీ సారో తమ ఇష్టంతో ఆ పని చేస్తుంటారు. వాళ్లు బదిలీ అయితే అది ఆగిపోతుంది. మండలానికి ఒకరినైనా దీనికే నియమించడం ప్రభుత్వం వెంటనే చేయగలిగిన పని. శ్రీకాకుళం జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో తయారవుతున్న కొత్త టీచర్లకు నవోదయ నుంచి అగ్రిసెట్ దాకా ఉన్న మెట్లన్నీ పాఠంగా చెప్పవచ్చు. 2024 డిసెంబరు 7న మొదలైన మెగా పేరెంట్ టీచర్ సమావేశాలకు తల్లిదండ్రులు పెద్ద సంఖ్యలోనే వస్తున్నారు. అక్కడ మార్కుల కార్డుతో పాటు, ఏ తరగతిలో ఏ దరఖాస్తు, ఏ నెలలో, ఏ కాగితాలతో అన్నది ఒక పేజీలో అచ్చువేసి ప్రతి తల్లి చేతికీ ఇవ్వాలి. చదవలేని తల్లికి ఆమె కూతురే చదివి వినిపిస్తుంది.